రెండుసార్లు మార్చినా తెగిన తాడు: విశాఖ సముద్రతీరపు ఇంట్లో ఒక వెనీషియన్ బ్లైండ్ మరమ్మతు

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఈ మరమ్మతు జరిగింది. ఇంటివారు ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులు. హాలు కిటికీకి 25 మి.మీ. అల్యూమినియం రేకుల వెనీషియన్ బ్లైండ్ (అడ్డంగా ఒకదాని కింద ఒకటి వేలాడే రేకులను తాడుతో ఎత్తి దించే, కడ్డీతో తిప్పే కిటికీ తెర), పడకగదిలో గుడ్డ రోలర్ బ్లైండ్, వంటింట్లో చిన్న పీవీసీ బ్లైండ్ ఉన్నాయి. మూడింటిలోనూ ఏదో ఒక లోపం ఉన్నా, ఈ నివేదికలో ఎక్కువ భాగం హాలు బ్లైండ్‌కే కేటాయిస్తున్నాను. దాని తాడును ఏడాది తిరక్కుండా రెండుసార్లు మార్చారు, రెండుసార్లూ తెగింది. మూడోసారి వచ్చిన మనిషి మొత్తం తీసేసి కొత్తది వేయించుకోవడమే మేలని చెప్పి వెళ్లాడు.

బ్లైండ్ వెడల్పు 6 అడుగులు, అంటే 1,830 మి.మీ.; పూర్తిగా దించినప్పుడు ఎత్తు 1,500 మి.మీ. కిటికీ చట్రం లోపల, పైనున్న లింటెల్ (కిటికీ పై దూలం) అడుగు భాగానికి రెండు కొసల్లో రెండు బ్రాకెట్లతో బిగించి ఉంది.

ఫిర్యాదు, మొదటి పరిశీలన

ఇంటివారు చెప్పిన లోపాలు మూడు. బ్లైండ్ ఎడమ కొస కిందికి జారిపోయి వాలుగా వేలాడుతోంది. కుడివైపు ఎత్తిపెట్టినా కావలసిన చోట నిలవక మెల్లమెల్లగా దిగిపోతోంది. రేకులను తిప్పే కడ్డీ ఎంత తిప్పినా ఉత్తినే తిరుగుతోంది తప్ప రేకులు మూసుకోవడం లేదు. మూడోది కొత్తగా వచ్చిందనీ, అంతకుముందు చాలాకాలం కడ్డీ బిగుసుకుపోయి రెండు చేతులతో తిప్పవలసి వచ్చేదనీ మాస్టారు గుర్తుచేసుకున్నారు. నా లెక్కలో ఆ రోజు విన్న మాటల్లో అన్నిటికన్నా విలువైనది అదే. వస్తువు పూర్తిగా పాడయ్యాక దాని స్థితి ఎవరికైనా కనిపిస్తుంది గానీ, పాడవడానికి ముందు అది ఎలా ప్రవర్తించిందో ఇంట్లో రోజూ వాడేవారికి మాత్రమే తెలుస్తుంది. అందుకే నిచ్చెన వేయకముందే ఇంటివారిచేత ఒకసారి బ్లైండ్‌ను ఎత్తించి, దింపించి, తిప్పించి చూడటం నా పద్ధతి.

అలా చూసినప్పుడు తెలిసింది ఇది: తాడు లాగుతున్నప్పుడు పైనున్న హెడ్ రైల్, అంటే బ్లైండ్‌నంతా మోసే పై పట్టీ, మధ్యభాగం కొద్దిగా కిందికి దిగి, ముందుకు ఒరుగుతోంది. కంటికి లీలగా మాత్రమే ఆనే ఆ కదలికను నిర్ధారించుకోవడానికి రెండు కొసల మధ్య దారం బిగువుగా కట్టి చూస్తే, మధ్యలో దారానికీ రైలు అంచుకూ నడుమ 6 మి.మీ. ఎడం వచ్చింది, తాడు లాగి పట్టుకుంటే అది ఇంకాస్త పెరిగింది. ఇంత వెడల్పున్న బ్లైండ్‌కు కొసల్లో రెండు బ్రాకెట్లతో పాటు మధ్యలో ఒక సపోర్ట్ బ్రాకెట్ తప్పనిసరిగా ఉండాలి. ఇక్కడ అది లేదు. ఊడి పడిపోయిందేమో అనుకోవడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే లింటెల్ మధ్యలో డ్రిల్ చేసిన గుర్తే లేదు. అక్కడ ప్లాస్టరింగ్ కొంచెం పైకి గుంటపడి ఉంది. బ్రాకెట్ అక్కడ సమంగా ఆనదని బిగించినవారు వదిలేసి ఉంటారని నా ఊహ.

వంపు ఎందుకు ముఖ్యం

ఈ బ్లైండ్ పైభాగం, అంటే హెడ్ రైల్, పలుచని ఉక్కు రేకును వంచి చేసిన 25 మి.మీ. కాలువ. బ్లైండ్ యంత్రాంగమంతా దానిలోనే ఉంటుంది. ఒక కొసన తాడును పట్టి నిలిపే కార్డ్ లాక్, మరో కొసన కడ్డీ తిప్పితే తిరిగే టిల్టర్, పొడవునా ఆరు పలకల టిల్ట్ రాడ్, ఆ రాడ్‌ను మోస్తూ మధ్యమధ్య బిగించిన ప్లాస్టిక్ క్రేడిళ్లు ఉంటాయి. ప్రతి క్రేడిల్ దగ్గర రాడ్ మీద ఒక చిన్న డ్రమ్ ఉండి, రేకులను మోసే నిచ్చెన తాడు దానికి తగులుకొని ఉంటుంది. రేకులను ఎత్తే తాడు అదే క్రేడిల్ అడుగునున్న రంధ్రంలోంచి కిందికి దిగి, ప్రతి రేకు మధ్య రంధ్రం గుండా పోయి, అడుగునున్న బాటమ్ రైలు కింద ముడితో ఆగుతుంది. ఈ బ్లైండ్‌కు అలాంటి చోట్లు నాలుగు: ఎడమ కొస నుంచి 150, 660, 1,170, 1,680 మి.మీ. దూరాల్లో.

ఈ రైలు మోసే బరువు పైకి కనిపించేదాని కన్నా ఎక్కువే. రేకు మందం 0.18 మి.మీ. అనుకుంటే, 1,830 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు ఉన్న ఒక్కో అల్యూమినియం రేకు సుమారు 22 గ్రాములు తూగుతుంది. అలాంటివి 70 రేకులంటే ఒకటిన్నర కిలో. దానికి ఉక్కు బాటమ్ రైలు బరువు కలుస్తుంది, తాడు లాగినప్పుడు చేతి బలం కూడా ఆ రైలు మీదే పడుతుంది. రెండు కొసల మీద మాత్రమే ఆనిన కమ్మీ మీద ఒకే మొత్తం బరువు సమంగా పరచుకొని ఉంటే, పొడవు రెట్టింపైనప్పుడు వంపు 8 రెట్లు అవుతుంది. మూడడుగుల బ్లైండ్‌లో అసలు తెలియని వంపు ఆరడుగుల బ్లైండ్‌లో యంత్రాంగాన్ని పట్టేసే స్థాయికి చేరడానికి కారణం ఇదే. అదే ఆరడుగుల రైలుకు సరిగ్గా మధ్యలో ఒక ఆధారం దొరికితే వంపు దాదాపు లేనట్టే.

తెగిన చోటు కొలవడం

తాడు తెగిందంటే చాలామంది మొదట కార్డ్ లాక్‌ను అనుమానిస్తారు, ఎందుకంటే తాడును పంటి కింద నొక్కినట్టు పట్టుకునేది అదే. లాక్‌లో ఒక చిన్న గరుకు రోలర్ వాలు గాడిలో జారుతుంది. తాడును ఒక పక్కకు లాగి వదిలితే రోలర్ తాడును నొక్కి ఆపుతుంది. రెండో పక్కకు లాగితే వదిలేస్తుంది. రోజూ అదే చోట నలిగితే తాడు అక్కడ తెగవచ్చు, అది సహజమైన అనుమానమే. ఇంతకుముందు వచ్చినవారు కూడా అలాగే అనుకొని, తాడుతో పాటు ఒకసారి లాక్‌ను కూడా మార్చారట.

అనుమానాన్ని తేల్చుకోవడానికి విప్పనక్కర్లేదు, టేపు చాలు. తెగిన తాడు కింది ముక్క బాటమ్ రైలు ముడికి ఇంకా వేలాడుతూనే ఉంది. ముడి నుంచి తెగిన కొస వరకు కొలిస్తే సుమారు 900 మి.మీ. వచ్చింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇంటివారు బ్లైండ్‌ను సాధారణంగా ఎక్కడ ఉంచుతారు? సోఫాలో కూర్చుంటే సముద్రం కనిపించాలి, నడినెత్తి ఎండ మాత్రం లోపలికి రాకూడదు కాబట్టి, రోజులో ఎక్కువ భాగం రెండడుగులు ఎత్తి ఉంచుతామని చెప్పారు. అలా ఉంచినప్పుడు బాటమ్ రైలు హెడ్ రైలుకు 900 మి.మీ. దిగువన ఉంటుంది. అంటే తాడులో ముడి నుంచి 900 మి.మీ. దగ్గరి భాగం సరిగ్గా హెడ్ రైలు అడుగు రంధ్రం మీద మడత తిరిగి ఉంటుంది. తప్పు లాక్‌దే అయితే తెగిన చోటు మరెక్కడో ఉండాలి. ఎడమ కొస రంధ్రం నుంచి కుడివైపున్న లాక్‌కు 1,580 మి.మీ. దూరం, కాబట్టి లాక్‌లో నలిగే భాగం ముడి నుంచి 2,480 మి.మీ. దగ్గర వస్తుంది. ఆ భాగాన్ని చేత్తో తడిమి చూస్తే కొద్దిగా చదునైంది గానీ పీచు లేవలేదు.

ఇంకో ఆధారం అనుకోకుండా దొరికింది. మాస్టారి శ్రీమతి పాత తాడును పారేయకుండా బాల్కనీలో మల్లెతీగను కమ్మీకి కట్టడానికి వాడుకున్నారు. ముడితో సహా ఉన్న ఒక ముక్కను ఆవిడ విప్పి ఇచ్చారు. అది కూడా ముడి నుంచి దాదాపు అదే దూరంలో తెగి ఉంది. రెండు వేర్వేరు తాళ్లు, మధ్యలో మార్చిన లాక్, అయినా తెగిన చోటు ఒక్కటే. దానితో లాక్ మీద అనుమానం పూర్తిగా తొలగింది.

కిందికి దించి విప్పిన తరువాత

బ్లైండ్‌ను దించి హాలు నేల మీద దుప్పటి పరిచి బోర్లించాను. ఎడమ కొస క్రేడిల్ తన స్థానంలో లేదు. దాని అడుగున ఉండే గొట్టంలాంటి మెడ రైలు రంధ్రంలోకి దిగి, ఉక్కు అంచు తాడుకు తగలకుండా అడ్డుగా ఉండాలి. రైలు వంగి ముందుకు ఒరిగినప్పుడల్లా దాని రెండు గోడలు కొద్దిగా విచ్చుకొని, వాటి మధ్య ఇరుక్కొని ఉండవలసిన క్రేడిల్ వదులై పైకి లేచింది. తాడు ఇక ప్లాస్టిక్ మెడ మీద కాకుండా నేరుగా రైలు రంధ్రపు ఉక్కు అంచు మీద మడత తిరుగుతోంది. రైలు జింకు పూసిన ఉక్కే అయినా, రంధ్రం కొట్టినచోట అంచు బయటపడి ఉంటుంది. లోతట్టు ఊళ్లో ఆ పక్కనున్న జింకు పూత ఆ అంచును చాలాకాలం కాపాడుతుంది గానీ, ఉప్పుగాలి తగిలే చోట అంతకాలం ఆగదు. ఇక్కడ అంచంతా తుప్పు రేగి రంపపు పళ్లలా తయారైంది.

అయితే నాలుగు తాళ్లలో ఎడమ కొసదే ఎందుకు తెగింది? హెడ్ రైలు మధ్యలో కుంగినప్పుడు మధ్యనున్న రెండు తాళ్లు పుట్టేచోటు కిందికి దిగుతుంది, కొసల్లోని రెండూ పైనే ఉంటాయి. బాటమ్ రైలు ఉక్కుది కాబట్టి ఆ వంపును అనుసరించి వంగదు. ఫలితంగా మధ్య తాళ్లు వదులై, బరువంతా కొసల్లోని రెండు తాళ్ల మీద పడుతుంది. కుడి కొస తాడు లాక్‌కు పక్కనే ఉంది, దాని క్రేడిల్ కూడా గట్టిగానే ఉంది. అయినా ముడి నుంచి 900 మి.మీ. దగ్గర దానికి సన్నని పీచు లేచి కనిపించింది. ఎడమవైపు క్రేడిల్ లేచిపోయింది గనుక అక్కడ తాడు ముందే లొంగిపోయింది.

టిల్టర్ సంగతి దీనికి అనుబంధమే. టిల్టర్‌ను తీసేసి టిల్ట్ రాడ్‌ను వేళ్లతో తిప్పి చూడటం అసలు పరీక్ష. రైలును రెండు కొసల్లో స్టూళ్ల మీద ఆనించి, మధ్యలో ఏ ఆధారమూ లేకుండా బ్లైండ్ బరువంతా వేలాడేటట్లు ఉంచినప్పుడు రాడ్ బిగుసుకుపోయి కష్టం మీద కదిలింది. అరచేత్తో రైలు మధ్యభాగాన్ని కొంచెం పైకెత్తగానే అదే రాడ్ ఒక్క వేలితో తిరిగింది. రైలుతో పాటు వంగిన రాడ్ క్రేడిళ్ల గుంటల్లో అడ్డం తిరిగి రాసుకుంటోందన్నమాట. ఆ బిగువు మీద రెండు చేతులతో కడ్డీ తిప్పుతూ రావడంతో టిల్టర్‌లోని ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగి, చివరికి కడ్డీ తిరిగినా గేరు పట్టుకోని స్థితి వచ్చింది. కొత్త టిల్టర్ మాత్రమే వేసి ఊరుకుంటే దానికీ అదే గతి పట్టేది.

బ్లైండ్ కావలసిన ఎత్తులో నిలవకపోవడానికి మాత్రం వంపుతో సంబంధం లేదు. అది పాత మరమ్మతు తెచ్చిన లోపం. అసలు తాడు మందం 1.4 మి.మీ.; కుడి కొసన ఇంకా మిగిలి ఉన్న మొదటి తాడు ముక్కను కొలిచి చూశాను. మార్చిన తాడు సుమారు 1 మి.మీ. మందమే ఉంది. లాక్‌లోని రోలర్ గాడి చివరికి వచ్చి ఆగినా ఆ సన్నని తాడును నొక్కేంత దగ్గరికి రాదు. పైగా రోలర్ గరుకు పళ్ల మధ్య తాడు పీచు, ఉప్పు, దుమ్ము కలిసి గట్టిపడి అది సగం జారుడుగా మారింది. ఇంట్లో ఎవరైనా తాడు మార్చుకోదలిస్తే మొదట చూసుకోవలసింది రంగు కాదు, మందం. 25 మి.మీ. రేకులకు 1.4 మి.మీ. తాడు వాడుక, 50 మి.మీ. చెక్క రేకులకు అంతకన్నా లావు తాడు, దానికి తగిన లాక్ ఉంటాయి. రెంటినీ కలగలిపితే బ్లైండ్ నిలవకనైనా పోతుంది, లేదా తాడు లాక్‌లో ఇరుక్కొని కదలకనైనా పోతుంది.

మరమ్మతు

రైలును బరువు లేకుండా బల్ల మీద ఉంచినప్పుడు వంపు దాదాపుగా పోయింది, అంటే ఉక్కు శాశ్వతంగా వంగలేదు. అది నిశ్చయమయ్యాకే రైలును ఉంచాలని నిర్ణయించాను. నాలుగు రంధ్రాల అంచులనూ గుండ్రటి ఆకురాయితో నునుపు చేసి, తుప్పు తుడిచి, జింకు ప్రైమర్ పూసి ఆరనిచ్చాను. నాలుగు క్రేడిళ్లనూ మార్చాను. మూడు బాగానే ఉన్నా పాత ప్లాస్టిక్, కొత్త ప్లాస్టిక్ కలిపి వాడితే రాడ్ ఆనే ఎత్తులో తేడా వస్తుంది. రాడ్ విషయంలో అర మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది. టిల్టర్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకువెళ్లడం మంచిది. రాడ్ ఆరు పలకలదా, చదరమా, ఒక పక్క చదునైన గుండ్రనిదా, పలక నుంచి పలకకు ఎంత మందం, రైలు లోపలి వెడల్పు ఎంత అన్నవి అన్నీ సరిపోతేనే అది కూర్చుంటుంది.

తాడుగా అల్లిన పాలిస్టర్‌ను ఎంచుకున్నాను. నైలాన్ తేమను పీల్చి సాగుతుంది, ఎండకు కూడా పాలిస్టర్ కన్నా త్వరగా బలహీనపడుతుంది. తూర్పు వైపు కిటికీకి, సముద్రపు తేమకు అది తగదు. ఎంత తాడు కావాలో ముందే లెక్క కట్టుకోవచ్చు. ఒక్కో తాడుకు బ్లైండ్ ఎత్తు 1,500 మి.మీ., చేతికి అందేలా బయట వేలాడే భాగం సుమారు 1,000 మి.మీ., వాటికి తోడు దాని రంధ్రం నుంచి లాక్ వరకు ఉండే దూరం. ఎడమ నుంచి కుడికి ఆ దూరాలు 1,580, 1,070, 560, 50 మి.మీ. మొత్తం కలిపితే 13.26 మీటర్లు, ముళ్లకూ సర్దుబాటుకూ కలిపి 15 మీటర్లు తీసుకున్నాను.

ఇంకా తెగని మూడు తాళ్లను మార్చడం సులభం. పాత తాడు పై కొసకు కొత్త తాడును కొసకు కొస ఆనించి సన్నని దారంతో కుట్టి, పలుచగా టేపు చుట్టి, కింది నుంచి పాతదాన్ని మెల్లగా లాగితే కొత్తది దాని దారిలోనే దిగివస్తుంది. తెగిన తాడుకు ఆ సౌకర్యం లేదు కాబట్టి కొసను లైటర్‌తో కరిగించి సూదిలా సాగదీసి, ఒక్కో రేకు రంధ్రం గుండా చేత్తోనే దించాలి. అలా దించేటప్పుడు ఓపిక అవసరమయ్యే మెలకువ ఒకటుంది: నిచ్చెన తాడుకు ప్రతి మెట్టు దగ్గర ఒక అడ్డదారం ఉంటుంది, ఎత్తే తాడు ఒక మెట్టుకు దానికి కుడి పక్క నుంచి, తరువాతి మెట్టుకు ఎడమ పక్క నుంచి, ఇలా మార్చి మార్చి దిగాలి. రేకులు పక్కకు జారిపోకుండా పట్టి ఉంచేది ఈ అల్లికే. 70 మెట్లలో ఒక్కదానికి ఈ క్రమం తప్పినా ఆ రేకు కొన్నాళ్లకు ఒక పక్కకు పొడుచుకురావచ్చు. పాత మరమ్మతులో ఎడమ తాడును అన్ని మెట్లకూ ఒకే పక్క నుంచి దించారు. కొన్ని రేకుల కొసలు కిటికీ చట్రాన్ని గీరుతూ ఉండటానికి కారణం అదే.

మూడు రేకులు మడతపడి ఉన్నాయి. మడతపడిన అల్యూమినియం రేకును ఎంత సాపు చేసినా గీత పోదు. బ్లైండ్ కిటికీ గడపకు మించి కొంచెం పొడవుగా ఉంది కాబట్టి, అడుగున అదనంగా పేర్చుకొని ఉండే రేకుల్లోంచి మూడు మంచివి తీసి కంటికి ఎదురుగా ఉండే చోట వేసి, మడతపడినవాటిని అడుక్కి పంపాను. కొత్త రేకు తెచ్చి కలిపితే ఎండకు రంగు తేలిన పాతవాటి మధ్య అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ మార్పిడి వల్ల ఆ ఇబ్బంది కూడా తప్పింది.

మధ్య బ్రాకెట్ కోసం లింటెల్‌లో సరిగ్గా నడుమ, 915 మి.మీ. దగ్గర డ్రిల్ చేశాను. ఆ చోటు రెండు క్రేడిళ్లకూ సమదూరంలో ఉంటుంది కాబట్టి బ్రాకెట్ దేనికీ అడ్డు రాదు. ప్లాస్టరింగ్ గుంట 4 మి.మీ. ఉంది. స్క్రూను బిగించుకుంటూ పోతే బ్రాకెట్ గుంటలోకి లేచి రైలును మధ్యలో పైకి ఎత్తేస్తుంది, వంపు ఈసారి తిరగబడుతుంది. అందుకని గుంటకు సరిపడా పీవీసీ బిళ్లలు పేర్చి, రెండు కొసల మధ్య దారం కట్టి, బ్రాకెట్ అడుగు ఆ దారానికి తాకీ తాకనట్టు ఉండేలా సర్దాక స్క్రూ బిగించాను. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. మామూలు 304 రకంలో లేని మాలిబ్డినం 316లో 2 నుంచి 3 శాతం ఉండి ఉప్పు వల్ల పడే గుంటలను అడ్డుకుంటుంది. ఊరి లోపలి ఇంటికైతే ఈ ఖర్చు అనవసరం. బీచ్ రోడ్డుకు ఇంత దగ్గర్లో మాత్రం నేను వేరేవి వాడను.

బ్లైండ్ ఎక్కించాక పూర్తిగా దించి, నాలుగు తాళ్లనూ ఒకే బిగువుకు తెచ్చి ముడివేసి, తరువాత సగం ఎత్తి బాటమ్ రైలు మీద రసమట్టం పెట్టి చూశాను. దించి ఉన్నప్పుడు సమంగా కనిపించినది ఎత్తాక వాలవచ్చు, ఎందుకంటే దించినప్పుడు బరువు నిచ్చెన తాళ్ల మీద ఉంటుంది; ఎత్తినప్పుడే ఎత్తే తాళ్ల మీదికి వస్తుంది. తేడా ఉన్న తాడును బాటమ్ రైలు కింది ముడి దగ్గరే సరిచేశాను.

తాళ్లు, మనవడు

అమెరికాలో ఉంటున్న మాస్టారి కూతురు వేసవి సెలవుల్లో మూడేళ్ల పిల్లవాడితో వస్తుందని మాటల్లో తెలిసింది. పాత మరమ్మతులో నాలుగు తాళ్లనూ చివర ఒకే ముడిగా కట్టి ఉచ్చులా వదిలేశారు. అది చంటిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం నిజమైనది. అమెరికాలో 2018 చివరి నుంచి దుకాణాల్లో తయారుగా అమ్మే బ్లైండ్లకు చేతికి అందే తాళ్లు ఉండకూడదనే ప్రమాణం అమల్లోకి వచ్చింది. దాన్ని మరింత కట్టుదిట్టం చేసిన కూర్పు 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. ఐరోపాలో ఇదే విషయమై ఈఎన్ 13120 అనే ప్రమాణం 2014లో సవరించబడింది. మన దగ్గర దుకాణాల్లో తాడు బ్లైండ్లే ఇంకా ఎక్కువగా దొరుకుతున్నాయి కాబట్టి బిగించేవారే జాగ్రత్త తీసుకోవాలి.

ఇక్కడ నాలుగు తాళ్లకూ విడివిడిగా కుచ్చులు వేశాను. లాక్ నుంచి బయటికి వచ్చేచోట, బ్లైండ్ పూర్తిగా దించి ఉన్నప్పుడు హెడ్ రైలుకు ఒకటి రెండు అంగుళాల లోపలే ఉండేలా ఒక్కో తాడుకు ఆపుడు పూస వేశాను. పిల్లలు రేకుల మధ్య తాడును పట్టి లాగినా లోపలి తాడు సాగి ఉచ్చు కాకుండా ఈ పూస ఆపుతుంది. మిగిలిన తాడును చుట్టిపెట్టే కొక్కేన్ని నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తున బిగించాను. కిటికీ కింద ఉన్న దివాన్‌ను పక్క గోడకు జరపమని కూడా చెప్పాను. దాని మీదికి ఎక్కితే కొక్కెం ఎత్తు వల్ల ఉపయోగం ఉండదు.

మిగిలిన రెండు బ్లైండ్లు

పడకగదిలోని రోలర్ బ్లైండ్ గుడ్డ చుట్టుకునేటప్పుడు కుడివైపుకు జరుగుతూ పోయి అంచు బ్రాకెట్‌కు రాసుకుంటోంది. రెండు బ్రాకెట్ల ఎత్తులో 3 మి.మీ. తేడా ఉంది, సరిచేయగానే జరుగుడు చాలావరకు తగ్గింది. మిగిలిన కొంచెం కోసం గుడ్డను పూర్తిగా దించి, గొట్టం మీద ఎడమ కొసన, అంటే గుడ్డ జరుగుతున్న దిక్కుకు ఎదురు కొసన, రెండు చుట్ల మాస్కింగ్ టేపు వేశాను. అటువైపు గొట్టం కొంచెం లావై గుడ్డను తనవైపు తెచ్చుకుంటుంది.

వంటింటి పీవీసీ బ్లైండ్‌ను మరమ్మతు చేయడానికి ఒప్పుకోలేదు. ఎండకు రేకులు పెళుసెక్కి, వేలితో వంచితే చిటుక్కున విరుగుతున్నాయి. తాడు మార్చేలోపే సగం రేకులు పోతాయి. దాని వెడల్పు రెండడుగులే కాబట్టి కొత్తది తెచ్చుకోవడం తక్కువ ఖర్చు. పొయ్యి పక్క కిటికీ కాబట్టి నూనె జిడ్డు తుడవడానికి వీలుగా మళ్లీ రేకుల బ్లైండ్ కాకుండా సాదా రోలర్ బ్లైండ్ వేసుకోమన్నాను. హాలు బ్లైండ్‌కు విడిభాగాలు, కూలి కలిపి అయిన ఖర్చు అదే కొలతకు కొత్త బ్లైండ్ ధరలో సగానికి చాలా దిగువన ఉంది. రైలు శాశ్వతంగా వంగి ఉన్నా, తుప్పుకు చిల్లు పడి ఉన్నా నా సలహా వేరేగా ఉండేది.

వాడుక గురించి చెప్పినవి, తరువాతి పరిశీలన

కిటికీ తెరిచి సముద్రపు గాలి బలంగా వచ్చే వేళల్లో బ్లైండ్‌ను పూర్తిగా ఎత్తేయాలి, లేదా రేకులను అడ్డంగా తెరిచి గాలి పోయేటట్లు ఉంచాలి. మూసిన రేకులు తెరచాపలా గాలిని పట్టి రైలును లోపలికి తోస్తాయి, బ్రాకెట్ల మీద భారం పెరుగుతుంది. రేకుల మీద తేలే తెల్లటి పొడి ఉప్పూ అల్యూమినియం తుప్పూ కలిసినది. దాన్ని సబ్బునీళ్లలో ముంచి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. గిన్నెలు తోమే పొడి, బట్టల సోడా, బాత్‌రూమ్ ఆసిడ్ వాడకూడదు. క్షారమైనా ఆమ్లమైనా అల్యూమినియాన్ని తింటుంది. కార్డ్ లాక్‌లో నూనె వేయవద్దని ప్రత్యేకంగా చెప్పాను. బిగుసుకున్న ప్రతిదానికీ నూనె వేయడం మనకు అలవాటు గానీ, లాక్ పనిచేసేదే రాపిడి మీద.

వానాకాలం దాటాక వేరే పని మీద ఆ అపార్ట్‌మెంట్‌కు వెళ్లినప్పుడు బ్లైండ్‌ను మళ్లీ చూశాను. దారం కడితే మధ్యలో ఎడం కనిపించలేదు. కడ్డీని ఒక్క చేత్తో తిప్పితే రాడ్ తిరుగుతోంది. ఎడమ తాడును ముడి నుంచి 900 మి.మీ. దగ్గర రెండు వేళ్ల మధ్య జార్చి చూస్తే పీచు లేదు, నునుపుగానే ఉంది. ప్రైమర్ పూసిన రంధ్రాల అంచుల్లో కొత్త తుప్పు రాలేదు. బాటమ్ రైలు కుడి కొసన మాత్రం మూత కింద పెయింటు ఉబ్బడం మొదలైంది. తడిగుడ్డతో తుడిచిన నీరు ఆ మూతలో నిలుస్తోంది. మూత తీసి, కొసను గీకి ప్రైమర్ పూసి, నీరు కారిపోయేలా మూత అడుగున చిన్న బెజ్జం పెట్టి తిరిగి వేశాను. పెయింటు ఉబ్బడం ఇంకా ముందుకు పాకితే బాటమ్ రైలు ఒక్కటీ మార్చవలసి ఉంటుంది. దాని కొలతలు, రంగు మాస్టారి దగ్గర రాసి ఉంచాను.